గృహారోగ్యము: మంచి కొలెస్ట్రాలు – రెండు కాగితములు



గుడివాడ ప్రాంతమునుండి మా పాఠకురాలొకరు గత మాసమున మాకొక ఉత్తరము వ్రాసి, దానితో రెండు రక్తపరీక్షల కాగితములకు నకళ్లు జతపరచిరి. ఒకటి ఆమెది, రెండవది ఆమె తోడికోడలిది. ఆ సోదరి పెద్దకుమార్తె విజయవాడలో నర్సింగు విద్య నభ్యసించుచున్నది. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఆ బిడ్డ ఈ కాగితములు చూచి, “అమ్మా, నీ మంచి కొలెస్ట్రాలు బాగుగనే యున్నది, నీకు భయము లేదు. పిన్నికి మొత్తము రెండువందలకు లోపుగనే యున్నది, ఆమెకును భయము లేదు” అని చెప్పినదట. ఇంటిలో అందరును సంతోషించిరి. తల్లి యైతే, వైద్యుడు వ్రాసియిచ్చిన మాత్రను గూడ ఆనాటినుండియే మానివేసెను.

రెండు నెలలు గడచినవి. కళాశాలలో పాఠము చదువుకొనుచుండగా బిడ్డకు సందేహము పుట్టినది. రాత్రివేళ తల్లికి ఫోను చేసి, “అమ్మా, నేను తప్పు చెప్పితినేమో” యని కన్నీరు పెట్టుకొన్నది. “మా అమ్మాయి చెప్పినది తప్పేనా? తప్పైనచో మేమిప్పుడేమి చేయవలెను?” అని ఆ సోదరి ప్రశ్న.

మేము ఆలసింపక, మాత్ర వ్రాసిన వైద్యునియొద్దకు ఇద్దరును వెంటనే పోవలసినదని ఆమెకు ప్రత్యుత్తరము వ్రాసితిమి. ఆమె యనుమతితో, పేరు లేకుండ, ఆ కాగితములలోని సంగతిని ఇచ్చట వివరించుచున్నాము. ఇట్టి కాగితములు నేడు ప్రతి యింటను బీరువాలలో నున్నవి. వానిని చదువువారు తరచుగా మన యిండ్లలోని చదువుకొన్న ఆడపిల్లలే.

మొదట అంకెలు చూతము. తల్లి వయస్సు 52 ఏండ్లు. ఆమె కాగితమున మొత్తము కొలెస్ట్రాలు 258, మంచి కొలెస్ట్రాలు 58, ట్రైగ్లిసరైడ్లు 150, చెడ్డ కొలెస్ట్రాలు 170. తోడికోడలి వయస్సు 44 ఏండ్లు. ఆమెకు మొత్తము 176, మంచిది 34, ట్రైగ్లిసరైడ్లు 210, చెడ్డది 100. ఇవన్నియు నూరు మిల్లీలీటర్ల రక్తమున, అనగా ఒక డెసిలీటరున, ఎన్ని మిల్లీగ్రాములున్నవో తెలుపు అంకెలు. మంచిదానిని హెచ్.డి.ఎల్. అనియు, చెడ్డదానిని ఎల్.డి.ఎల్. అనియు కాగితముపై వ్రాయుదురు.

కొలెస్ట్రాలు విషము కాదు. మన శరీరమందలి ప్రతి కణపు గోడకును అది కావలెను. స్త్రీత్వమును నిలుపు హార్మోనులకును, ఆహారమును జీర్ణము చేయు పిత్తమునకును అదియే ముడిసరుకు. పిత్తాశయపు రాళ్లలో దొరకిన ఈ పదార్థమునకు ఫ్రాన్సు దేశీయుడైన షెవ్రూల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1815లో గ్రీకు మాటలనుండి పేరు పెట్టెను. దీనిలో అధికభాగమును మన కాలేయమే తయారుచేయును. కాని యిది కొవ్వువంటిది గనుక నీటిలో కరగదు. రక్తములో ఒంటరిగ ప్రయాణము చేయలేదు. మాంసకృత్తులతో కట్టిన చిన్నచిన్న పడవలలో నెక్కి పోవలెను. ఎల్.డి.ఎల్., హెచ్.డి.ఎల్. అనునవి ఆ పడవల పేర్లు. రెండింటిలోను ఉన్న కొలెస్ట్రాలు ఒక్కటియే. మంచిచెడ్డలు పడవ చేయు పనిలో నున్నవి.

కృష్ణా డెల్టాలో పుట్టిన మనకు ఈ సంగతి సులభముగ బోధపడును. విజయవాడయొద్ద బ్యారేజినుండి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవిస్ కాలువ బయలుదేరుచున్నవి. నీటితోపాటు వండ్రుమట్టియు వచ్చును. అది పొలమునకు బలమే. కాని మితిమీరి కాలువలోనే నిలిచినచో మేటవేసి, నీటి దారిని మూయును. అందుకే వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీయింతురు. మన రక్తనాళములలో ఎల్.డి.ఎల్. సరకు తెచ్చి యిండ్లకు చేర్చు పడవ. అది అవసరమునకు మించి వచ్చినచో నాళపు గోడలలో దిగి మేటవేయును. హెచ్.డి.ఎల్. అట్టి మేటనుండి కొంత యెత్తుకొని తిరిగి కాలేయమునకు చేర్చు పడవ. అందుచేతనే దానికి మంచిదను పేరు వచ్చినది.

ఇచ్చట ఒక ముఖ్యమైన మెలిక యున్నది. దీనిని నర్సింగు చదువు చెల్లెండ్రు బాగుగ మనస్సున నుంచుకొనవలెను. ప్రయోగశాలవారు మన కాగితముపై వ్రాసిన 58 అను అంకె, ఆ క్షణమున మంచి పడవలలో నున్న సరకు బరువు మాత్రమే. ఆ పడవలు ఎంత పూడిక తీసినవో ఆ అంకె చెప్పదు. రేవులో నిలిచిన పడవల సరకు తూచి, కాలువ శుభ్రముగ నున్నదని చెప్పగలమా? కాలువలోనికి దిగి చూడవలెను గదా!

శాస్త్రజ్ఞులును ఈ పాఠమును కష్టపడియే నేర్చిరి. అమెరికాలోని ఫ్రేమింగ్‌హాం పట్టణమున 1948లో ఆరంభమైన గొప్ప పరిశోధనలో, మంచి కొలెస్ట్రాలు తక్కువగా నున్నవారికి గుండెజబ్బు హెచ్చుగ వచ్చుచున్నదని 1977లో ప్రకటించిరి. అది నిజమే, నేటికిని నిజమే. అట్లయినచో ఆ అంకెను మందుతో పెంచినచో గుండె నిలుచునని పలువురు ఆశించిరి. టోర్‌సెట్రాపిబ్ అను మందును సుమారు 15,000 మందితో పరీక్షించిరి. మంచి కొలెస్ట్రాలు 72 శాతము పెరిగినది; కాని మందు పుచ్చుకొన్నవారిలో మరణములు తగ్గక హెచ్చినవి. 2006 డిసెంబరులో ఆ పరీక్షను నిలిపివేసిరి. నియాసిన్ అను విటమినుతో చేసిన మరియొక పెద్ద పరీక్షయు, అంకె పెరిగినను గుండెకు అదనపు మేలు కనబడక, 2011లో ఆగిపోయినది. కావున మంచి కొలెస్ట్రాలు అంకె మనకొక సూచన మాత్రమే. తక్కువైనప్పుడు హెచ్చరించును, ఎక్కువైనంతమాత్రమున అభయమీయదు.

ఇప్పుడు తల్లి కాగితమునకు వత్తము. స్త్రీలకు మంచి కొలెస్ట్రాలు 50కి తగ్గరాదు. పురుషులకు 40కి తగ్గరాదు. 58 అనగా మంచిదే. బిడ్డ చెప్పిన మాట అంతవరకు సరియైనదే. కాని మొత్తములోనుండి మంచిదానిని తీసివేయుడు: 258లో 58 పోగా 200 మిగిలినది. మేటవేయగల పడవలన్నిటిలోని సరకు అదియే. సామాన్యముగ ఇది 130కి లోపల నుండవలెనందురు. మధుమేహముగాని హృద్రోగముగాని యున్నవారికి ఇంకను తక్కువ నుండవలెను. మంచిది 58 ఉన్నదని ఈ 200 కరగిపోదు. పూడిక తీయువారు పదిమంది యున్నారని, మట్టి బండ్లను కాలువలోనికి తోలుచునే యుందుమా? ఆ తల్లికి వైద్యుడు మాత్ర వ్రాసినది ఈ 200ను చూచి, అందులోని చెడ్డ కొలెస్ట్రాలు 170ని చూచి. మంచిదానిని చూచి కాదు. స్టాటిన్ అను ఆ జాతి మాత్రలు చెడ్డదానిని తగ్గించి గుండెపోటును నివారించునని అనేక పరీక్షలలో ఋజువైనది. అట్టి మాత్రను వైద్యుని యడుగక మానరాదు.

ముట్లుడిగిన వయస్సున స్త్రీలకు చెడ్డ కొలెస్ట్రాలు పెరుగుట సహజము. థైరాయిడు గ్రంథి మందగించినను పెరుగును. కావున ఇట్టి కాగితము చేతికి వచ్చిన స్త్రీ, థైరాయిడు పరీక్ష చేయవలెనేమో యని వైద్యుని అడుగుట మంచిది.

తోడికోడలి కాగితము ఇంకను మోసకరమైనది. మొత్తము 176. రెండువందలకు లోపు గనుక ఎఱ్ఱ గుర్తు పడలేదు. కాని యా మొత్తము చిన్నదగుటకు ఒక కారణము, అందులో మంచిది 34 మాత్రమే యుండుట. ట్రైగ్లిసరైడ్లు 150కి లోపల నుండవలసినవి 210 ఉన్నవి. ఈ రెండును తరచు జంటగ నడచును. రక్తమున ట్రైగ్లిసరైడ్లు పెరిగినప్పుడు ఆ కొవ్వు మంచి పడవలలోనికి ఎక్కి, వానిలోని కొలెస్ట్రాలును దింపివేయును; అట్లు మారిన పడవలు త్వరగా చెడి శరీరమునుండి తొలగిపోవును. నడుము చుట్టును కొవ్వు చేరినవారికి, మధుమేహమునకు దగ్గరపడుచున్నవారికి ఇట్లగును. ఈ సోదరి పరగడుపు చక్కెర, మూడు నెలల చక్కెర, రక్తపు పోటు చూపించుకొనవలెను. నడుమును టేపుతో కొలుచుకొనవలెను. మన దేశపు స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటుట హెచ్చరిక.

ఇది ఈ యింటి సంగతి మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధనా మండలివారు తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండు, చండీగఢ్ ప్రాంతములలో జరిపి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మొత్తము కొలెస్ట్రాలు హెచ్చుగ నున్నవారు నూటికి 13.9 మందియే; మంచి కొలెస్ట్రాలు తక్కువగ నున్నవారు 72.3 మంది! మొత్తమును మాత్రమే చూచువారికి ఎంతమంది కంటబడకుండ పోవుదురో ఆలోచింపుడు. మన పొరుగుననే, ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామములలో 2003–04లో సంభవించిన మరణములను విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బులవలననే యని తేలినది. అవియు మనవలె వరిపొలములు, కాలువలు గల పల్లెలే. గుండెజబ్బు పట్టణపు ధనవంతులదను మాట ఇక చెల్లదు.

కారణమెక్కడ నున్నది? కొంత మన రక్తములోనే యున్నది. దక్షిణాసియా వారికి మంచి కొలెస్ట్రాలు స్వభావముచేతనే తక్కువ. కొంత మన కంచములో నున్నది. డెల్టాలో అన్నమునకు లోటు లేదు. మూడు పూటల మరబియ్యపు అన్నము, ఉదయము ఇడ్లీ దోసెలు, సాయంకాలము పునుగులు, పైన తీపి కాఫీ. పొలములో నడుము వంచి పనిచేసిన మన అమ్మమ్మలకు అది చెల్లినది. కుర్చీలో కూర్చుండి పనిచేయు మనకు ఆ పిండిపదార్థమంతయు కాలేయమున ట్రైగ్లిసరైడ్లుగ మారును.

అన్నము మానుమని మేము చెప్పుట లేదు. కంచములో అన్నపు రాశిని తగ్గించి, ఆ చోట పప్పును, కూరను నింపుడు. మన పొలములలో వరికోతల వేళ తేమమీదనే మినుములు, పెసలు చల్లుదురు గదా; ఇంటి పంటయే ఔషధమున్నది. పెసరట్టు మంచిదే, నూనె చెంచాతో కొలిచి పోసినచో. కైకలూరు చెరువుల చేపను తినువారు వేపుడు మాని పులుసు పెట్టుకొనుడు. గుప్పెడు వేరుసెనగలు, తోటకూర, గోంగూర, దొరకినచో దంపుడు బియ్యము – ఇవియే చాలును. వనస్పతియందలి ట్రాన్స్ కొవ్వు మంచిదానిని తగ్గించి చెడ్డదానిని పెంచును. అందుచేతనే నూనెలలో, కొవ్వులలో అది నూటికి 2 పాళ్లు మించరాదని 2022 జనవరి 1 నుండి మన దేశమున నియమము వచ్చినది. కాగిన నూనెను మరల మరల కాచుటయు మానుడు.

సాయంకాలము కాలువగట్టు వెంబడి వేగముగ అరగంట నడువుడు. వారమునకు ఐదు దినములైనను తప్పరాదు. దీనివలన మంచి అంకె పెరుగునది కొద్దియే, రెండు మూడు మిల్లీగ్రాములు కావచ్చును. అందుకు నిరుత్సాహపడవలదు. ట్రైగ్లిసరైడ్లు, నడుము కొలత, రక్తపు పోటు, చక్కెర – ఇవన్నియు దానితో దిగివచ్చును. ఇంటిలో చుట్టగాని సిగరెట్టుగాని కాల్చు పురుషులున్నచో, ఆ పొగ వారి మంచి కొలెస్ట్రాలును తగ్గించును. పీల్చిన మనకును కీడే. మద్యము మంచి కొలెస్ట్రాలును పెంచునట గదా యని వాదించువారు కొందరుందురు. అంకె పెరుగుట వేరు, మేలు కలుగుట వేరని పైన చెప్పిన కథయే వారికి జవాబు.

ఇక నర్సింగు చదువుచున్న చెల్లెండ్రకు నాలుగు మాటలు. 1986లో స్థాపితమైన ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము విజయవాడలోనే యుండుటచేత మన జిల్లాల ఆడపిల్లలనేకులకు ఈ విద్య చేరువైనది. పరీక్షలో మార్కులకు హద్దులు కంఠస్థము చేయుదురు. రోగి మంచమువద్ద అంతకుమించి కావలెను.

రక్తము తీయుటకు ముందు రోగిని కొన్ని నిమిషములు కూర్చుండబెట్టుడు. చేతికి బిగించు పట్టీని నిమిషమునకు మించి యుంచినచో రక్తము చిక్కబడి కొలెస్ట్రాలు ఎక్కువగ కనబడవచ్చును. పరగడుపు అనగా 9 మొదలు 12 గంటలు ఆహారము లేకుండుట, మంచినీరు త్రాగవచ్చును. ఇప్పుడు చాలచోట్ల తొలి పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు. కాని తిని వచ్చిరో తినక వచ్చిరో తప్పక వ్రాయవలెను. జ్వరము, పెద్దజబ్బు వచ్చిన దినములలో ఈ అంకెలు పడిపోవును, గర్భిణులకు పెరుగును. ఆ వేళల తీసిన కాగితమును మామూలు హద్దులతో పోల్చరాదు. చెడ్డ కొలెస్ట్రాలును తరచు నేరుగ కొలువక, మొత్తములోనుండి మంచిదానిని, ట్రైగ్లిసరైడ్లలో ఐదవవంతును తీసివేసి కట్టుదురు. ఇది 1972లో ఫ్రీడ్‌వాల్డ్ మొదలగువారు చెప్పిన లెక్క. మన రెండు కాగితములకును వేసి చూచుకొనుడు, సరిపోవును. ట్రైగ్లిసరైడ్లు 400 దాటినచో మాత్రము ఆ లెక్క చెల్లదు.

ఇంకొకటి. కొన్ని కాగితములలో స్త్రీపురుషులకు ఒకే హద్దు, 40, అచ్చువేయుదురు. 44 ఉన్న స్త్రీకి అట్టిచోట గుర్తు పడదు. గుర్తు లేనంతమాత్రమున దోషము లేదనుకొనరాదు. ఇంగ్లండు, ఆస్ట్రేలియాలలో పిల్లలవద్ద నున్న తల్లుల కాగితములలో 1.3 అని చిన్న అంకె కనబడును. అది మిల్లీమోలు లెక్క. దానిని సుమారు 39తో గుణించినచో మన 50 వచ్చును.

అంకెలన్నిటికంటె ముఖ్యమైన మాటను తల్లులందరును వినవలెను. కాగితము ఎంత బాగున్నను, నడచినప్పుడు ఆయాసము, ఱొమ్మున బరువు, దవడకో వీపునకో ప్రాకు నొప్పి, చల్లని చెమట, కారణము లేని నీరసము కలిగినచో, “గ్యాసు” అని సోడా త్రాగి పండుకొనవలదు. స్త్రీలకు గుండెపోటు ఇట్టి మారువేషముతో గూడ వచ్చును. వంట పూర్తియగువరకు ఆగవలదు. ఆ క్షణమే 108కి ఫోను చేయవలెను.

ఈ సంచిక ముద్రణకు పోవుచుండగా గుడివాడ సోదరి మరల వ్రాసిరి. ఇద్దరును వైద్యుని చూచిరట. ఆమె మాత్రను తిరిగి ఆరంభించిరి. తోడికోడలికి చక్కెర హద్దుమీద నున్నదని తెలిసినది. ఇంకను మధుమేహము కాలేదు, తిండియు నడకయు సరిచేసికొన్నచో మరలించుటకు అవకాశమున్నదని వైద్యుడు చెప్పెనట. ఇప్పుడు తోడికోడండ్రిద్దరును కలిసి సాయంకాలము కాలువగట్టున నడచుచున్నారు.

బిడ్డను కోపింపవలదని మేమా తల్లికి వ్రాసితిమి. ఆ బిడ్డ చేసిన తప్పు ఒక్క అంకెను చూచి ధైర్యము చెప్పుట. ఆమె చేసిన ఒప్పు, సందేహము కలిగిన రాత్రియే సిగ్గుపడక ఫోను చేయుట. రెండవది మొదటిదానికంటె పెద్దది. రేపు ఆమె రోగుల మంచములవద్ద నిలుచునప్పుడు, “నాకు నిశ్చయముగ తెలియదు, వైద్యునడిగి చెప్పెదను” అను మాట ఆమె నోట వచ్చునని మా నమ్మకము. మన యిండ్లలోని కాగితములను మన బిడ్డలచేత చదివింతము. వారు చదివిన తరువాత మందు విషయమున వైద్యుని మాటకై వేచియుందము.